కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుతూ టర్ఫ్ ఆడొచ్చా? లీడ్స్‌లో కొత్తగా మొదలెట్టినవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా: ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి కొత్తగా వచ్చారు. ఆఫీసులో ఒకాయన మీ ఫోన్‌లో టర్ఫ్ అనే ఆట ఎక్కించాడు, బయట తిరుగుతూ మ్యాపు మీది చోట్లు (జోన్లు) పట్టుకునే ఆట అది. ఇంటికి దగ్గర్లోనే లీడ్స్–లివర్‌పూల్ కాలువ ఉంది. గట్టు మీద సైకిల్ తొక్కుతూ ఆ ఆట ఆడొచ్చా, ప్రమాదమా, ఎటు వెళ్తే పాయింట్లు వస్తాయి, ఏ సైకిల్ కొనాలి అని అడిగారు. చివర్లో, మన గోదావరి కాలువ గట్ల మీద ఇది కుదురుతుందా అని ఓ మాట వేశారు.

నిక్షేపంలా ఆడొచ్చు. సైకిల్‌ని రైలెక్కించి బింగ్లీలో దిగండి, అక్కణ్ణుంచి కాలువ వెంట లీడ్స్‌కి తొక్కుకుంటూ రండి. చక్రం కదులుతున్నంతసేపూ ఫోను వంక చూడకండి. జోన్‌లోకి వచ్చి కాలు నేల మీద పెట్టాకే చూడండి. ఇంతే జవాబు. ఇంతకన్నా ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసి సైకిల్‌కి గాలి కొట్టించుకోవచ్చు.

నేను షిప్లీలో ఉంటాను. కాలువ మా వీధి చివరే. కొన్నేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను, ఎక్కువగా ఈ గట్టు మీదే. కాబట్టి పైన చెప్పినదానికి కారణాలు తీరిగ్గా రాస్తాను.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టర్ఫ్ స్వీడన్‌వాళ్లు 2010లో మొదలుపెట్టిన ఆట. మ్యాపు మీద చిన్న చిన్న జోన్లు ఉంటాయి: ఒక వంతెన, ఒక పార్కు గేటు, ఒక చర్చి ముంగిలి, ఇలా. అక్కడికి ఒంటితో వెళ్లి, కొన్ని సెకన్లు నిలబడితే ఆ జోన్ మీదవుతుంది. ఆక్రమించినందుకు ఒకేసారి కొన్ని పాయింట్లు వస్తాయి. అది మీ చేతిలో ఉన్నంతసేపూ గంటకిన్ని చొప్పున మరికొన్ని పడుతుంటాయి. వేరేవాళ్లు వచ్చి లాక్కుంటే గంట పాయింట్లు ఆగిపోతాయి. లాక్కున్న జోన్‌కి కాసేపు తాళం పడుతుంది, వెంటనే ఎవరూ తిరిగి తీసుకోలేరు. నెలకో రౌండు. నెలలో మొదటి ఆదివారం స్వీడన్ సమయం మధ్యాహ్నం 12కి, అంటే ఇక్కడ పొద్దున్న 11కి, పాత లెక్కంతా చెరిపేసి జోన్లన్నీ మళ్లీ ఎవరివీ కాకుండా పోతాయి. అలా ఎవరిదీ కాని జోన్‌ని మొదట పట్టినవాళ్లకి అదనంగా 50 పాయింట్లు.

ఇప్పుడు మొదటి ముక్క: రైల్లో వెళ్లి తొక్కుతూ రావడం ఎందుకు?

ఊళ్లో ఆడితే జోన్లు వల పరిచినట్టు ఉంటాయి, ఎటు తిరిగినా కొత్తది తగులుతుంది. కాలువ మీద అలా ఉండదు, అంతా ఒకటే గీత. లీడ్స్ నుంచి రాడ్లీ దాకా తొక్కి అదే గట్టు మీద వెనక్కి తిరిగారనుకోండి, తిరుగు ప్రయాణంలో దారిలో కనిపించేవన్నీ మీవే. మీ జోన్‌లో మీరు మళ్లీ నిలబడితే ఏమీ రాదు. 23 గంటలు గడిచాకే 'రివిజిట్' కింద సగం ఆక్రమణ పాయింట్లు ఇస్తారు. మా చెల్లెలి కొడుకు చదువుకోవడానికి లీడ్స్ వచ్చిన కొత్తలో సరిగ్గా ఇదే చేశాడు. సాయంత్రం ఫోన్ చేసి, "మావయ్యా, పోయేటప్పుడు బాగానే పడ్డాయి, వచ్చేటప్పుడు యాప్ చచ్చిపోయినట్టుంది" అన్నాడు. యాప్ బాగానే ఉందిరా, నువ్వే నీ ఇంట్లో నువ్వు దొంగతనానికి వెళ్లావు అన్నాను.

అందుకని గీతని ఒకసారే గియ్యాలి. ఇక్కడ మన అదృష్టం ఏంటంటే, ఎయిర్ నది లోయలో కాలువా రైలూ పక్కపక్కనే నడుస్తాయి. లీడ్స్ నుంచి స్కిప్టన్ వెళ్లే బండి షిప్లీ, సాల్టెయిర్, బింగ్లీ, కీలీల మీదుగా పోతుంది. బింగ్లీకి దాదాపు ఇరవై నిమిషాలు. స్టేషన్ నుంచి కాలువ కూతవేటు దూరం. తొక్కేటప్పుడు మధ్యలో కాళ్లు లాగినా, వాన ముంచుకొచ్చినా, ఏదో ఒక స్టేషన్ ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. కొత్తవాళ్లకి ఇంతకన్నా ధైర్యం ఇచ్చే దారి నాకు తెలీదు.

ఇక బింగ్లీ నుంచే ఎందుకు, లీడ్స్ నుంచి బయల్దేరి బింగ్లీలో రైలెక్కకూడదా అంటారేమో. ఎక్కొచ్చు. కానీ కాలువ నీళ్లకి వాలు ఉండదు, లాకు (పడవల్ని ఎక్కించి దించే తలుపుల గది) దగ్గరే మెట్టు దిగినట్టు దిగుతాయి. ఆ మెట్లన్నీ లీడ్స్ వైపు కిందికే. బింగ్లీ నుంచి వస్తే ప్రతి లాకు దగ్గరా మీకు చిన్న పల్లం, అటు నుంచి వెళ్తే ప్రతి లాకు దగ్గరా చిన్న ఎత్తు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఆ తేడా తొడలకి బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి: బరువు బండితో అలిసిపోయి రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడితే, వచ్చిన బండిలో సైకిల్‌కి చోటు లేకపోవచ్చు. ఒక్కో రైల్లో రెండు సైకిళ్లకే చోటు, ముందొచ్చినవాళ్లకే. రిజర్వేషన్ లేదు, దానికి విడిగా టికెట్టూ లేదు. పొద్దున్న తాజాగా ఉన్నప్పుడే ఆ లాటరీ ఏదో తేల్చుకోవడం మేలు.

పాయింట్ల లెక్క. ఇది చాలామంది పట్టించుకోరు, కానీ గట్టు మీద ఏ జోన్‌కి ఆగాలో, దేనికోసం పక్క వీధిలోకి తిరగాలో ఇదే తేలుస్తుంది. జోన్లలో ఒక చివర ఆక్రమణకి 185 పాయింట్లు, గంటకి 1 ఇచ్చేవి ఉంటాయి. మరో చివర ఆక్రమణకి 65, గంటకి 9 ఇచ్చేవి. మధ్యలోవి మెట్లు మెట్లుగా: గంటకి ఒకటి పెరిగితే ఆక్రమణలో 15 తగ్గుతుంది. జనం తిరిగే చోట గంట పాయింట్లు ఎక్కువ, ఎవరూ పోని మూలల్లో ఆక్రమణ పాయింట్లు ఎక్కువ. ఇప్పుడు 15 గంటలు చేతిలో ఉంచుకున్నారనుకుని కూడండి. 185కి 15 కలిపితే 200. 65కి 135 కలిపితే 200. నడిమి రకం 125, గంటకి 5 తీసుకున్నా 75 కలిపి అదే 200. అంటే 15 గంటల దగ్గర అన్ని జోన్లూ ఒకటే. అంతలోపే పోతుందనుకుంటే పెద్ద ఆక్రమణ పాయింట్ల జోన్ పట్టండి, అంతకన్నా నిలుస్తుందనుకుంటే గంట పాయింట్ల జోన్ పట్టండి.

సాల్టెయిర్ దగ్గర నాకో ప్రత్యర్థి ఉంది. పొద్దున్నే కుక్కని తిప్పడానికి వస్తుందావిడ. నేను సాయంత్రం ఆఫీసయ్యాక పట్టినవి తెల్లారేసరికి ఆవిడవి. మొహం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు, మ్యాపు మీద పేరే పరిచయం. సాయంత్రం నుంచి పొద్దుట దాకా పది పన్నెండు గంటలు, 15కి తక్కువ. కాబట్టి ఆవిడ తిరిగే మేరలో గంట పాయింట్ల జోన్ కోసం నేను మెట్లెక్కి వీధిలోకి పోను. అదే అపెర్లీ బ్రిడ్జికీ షిప్లీకీ మధ్య, చెట్ల నడుమ ఊరికి దూరంగా ఉండేవాటిని వారం మధ్యలో పడితే రోజుల తరబడి నా దగ్గరే ఉంటాయి. అక్కడ గంటకి 3 ఇచ్చేదైనా 4 ఇచ్చేదైనా వదలను. మీరూ మీ మేరలో ఎవరు ఎప్పుడు తిరుగుతారో రెండు మూడు వారాలు గమనించండి, ఆట సగం అక్కడే ఉంది.

ఈ లెక్కలోంచే ఇంకోటి తేలుతుంది. రౌండు మొదలయ్యే ఆదివారం ఎవరిదీ కాని జోన్లకి ఆ అదనపు 50 ఉంటుంది కాబట్టి, గీతలా సాగే కాలువకి ఆ రోజే అసలు విలువ. ఊళ్లో పదిమంది ఒకేసారి ఎగబడతారు. కాలువ మీద బింగ్లీ వైపు నుంచి దిగితే లీడ్స్ వైపు నుంచి వచ్చేవాడు మధ్యలో ఎక్కడో ఎదురవుతాడు, అప్పటిదాకా దారంతా మీదే.

ఇక దారి సంగతి. కాలువ మొత్తం 127 మైళ్లు, 1770లో తవ్వడం మొదలుపెట్టి 1816లో ముగించారు. మీకు కావలసింది అందులో దాదాపు 16 మైళ్లు. బింగ్లీ స్టేషన్‌లో దిగాక వెంటనే లీడ్స్ వైపు తిరక్కండి, ముందు ఎగువకి కాస్త దూరం వెళ్లి ఐదు మెట్ల లాకులు చూసి రండి. 1774లో తెరిచారు. ఐదు లాకులు ఒకదాని కొనకి ఇంకోటి అతుక్కుని ఉంటాయి: పైదాని కింది తలుపే కిందిదాని పై తలుపు. పడవ 18 మీటర్లు ఎక్కుతుంది. బ్రిటన్‌లో ఇంత నిటారు లాకుల వరస ఇంకోటి లేదు. తలుపులకి అడ్డంగా నల్లరంగు వేసి చివర తెల్లగా వదిలిన దూలాలుంటాయి, వాటికి వీపు ఆనించి మనుషులే నెట్టి తెరుస్తారు. పడవ ఎక్కుతుంటే లాకు కాపరులు ఒక్కో తూమూ వరస తప్పకుండా తిప్పిస్తారు, వరస తప్పితే కింద లాకు పొంగిపోతుంది మరి. పడవ వచ్చే వేళకి అక్కడుంటే ఆట పావుగంట ఆపి చూడండి. పాయింట్లు ఎక్కడికీ పోవు. ఆ లాకుల పక్క దారి నిటారుగా ఉంటుంది, తడిగా ఉంటే చక్రం జారుతుంది. దిగి నడిపించండి.

లాకుల ఎగువన కాలువ 17 మైళ్ల దాకా ఒక్క లాకు లేకుండా సాగుతుంది. స్కిప్టన్ అటే. చూడ్డానికి అదే అందమైన ముక్క, కానీ గట్టు అక్కడక్కడా బురద, గడ్డి, గతుకులు. మొదటిసారికి వద్దు.

కిందికి తిరిగాక మూడు మెట్ల లాకులు, తర్వాత డౌలీ గ్యాప్ దగ్గర రెండు మెట్లవి, ఆ వెంటనే కాలువ ఎయిర్ నదిని ఏడు కమానుల వంతెన మీద దాటుతుంది. కింద నది, పైన కాలువ, పక్కన మీరు. తర్వాత సాల్టెయిర్. టైటస్ సాల్ట్ ఉన్ని మిల్లు 1853లో తెరిచి, పనివాళ్ల కోసం దాని చుట్టూ ఊరే కట్టించాడు. 2001 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. కాలువ ఆ మిల్లు గోడల మధ్య నుంచే పోతుంది. ఇక్కడ వారాంతాల్లో జనం తిరనాళ్లలా ఉంటారు. పిల్లలు, తోపుడు బళ్లు, ఐస్‌క్రీం పడవ చుట్టూ క్యూ. జోన్ల కోసం ఊళ్లోకి వెళ్లాలంటే సైకిల్ తాళం వేసి నడవండి, వీధులు దగ్గర దగ్గరే.

షిప్లీ నుంచి లీడ్స్ దాకా గట్టుని సైకిళ్ల కోసం బాగుచేశారు, దారి నున్నగా ఉంటుంది. అందుకే ఇక్కడే ప్రమాదం ఎక్కువ. అపెర్లీ బ్రిడ్జి దగ్గర డాబ్సన్ లాకులు, రాడ్లీలో తిరిగే వంతెన, న్యూలే దగ్గర మూడు, ఫోర్జ్ దగ్గర మూడు, కిర్క్‌స్టాల్ దాటాక ఆడీ లాకులు, చివరికి గ్రానరీ వార్ఫ్. అక్కడ కాలువ నదిలో కలుస్తుంది, లీడ్స్ స్టేషన్ పక్కనే.

ఇప్పుడు ఫోను సంగతి. టర్ఫ్‌ని కాలువ మీద ఆడటంలో చెడ్డ గుణం ఒకటుంది: దారి నేరుగా ఉంటుంది, బళ్లు ఉండవు, కాబట్టి చూపు ఫోను మీదికి జారుతుంది. ఇంకో నూటయాభై మీటర్లు, ఇంకో వంద, అని చూస్తూ తొక్కుతారు. సరిగ్గా అప్పుడే వంతెన వస్తుంది. పాత రాతి వంతెనల కింద గట్టు ఒక మనిషి పట్టేంతే ఉంటుంది, కమాను వంగి ఉంటుంది, అవతల ఎవరొస్తున్నారో కనపడదు. ఒకపక్క తలకి రాయి, మరోపక్క నీళ్లు. జోన్లు వంతెనల దగ్గరా లాకుల దగ్గరా ఉండటం కూడా మామూలే, అంటే మీ ధ్యాస ఆట మీదకి పోయే చోటే దారి ఇరుకవుతుంది.

అందుకని నా పద్ధతి చెప్తాను. బయల్దేరే ముందే మ్యాపు చూసుకుని, ఏ లాకు తర్వాత, ఏ వంతెన దగ్గర జోన్ ఉందో బుర్రలో వేసుకుంటాను. తొక్కేటప్పుడు దారిలో ఆ గుర్తులు వెతుకుతాను, ఫోను మ్యాపు మీద నా చుక్కని వెతకను. యాప్ శబ్దం పెట్టుకుంటాను, జోన్ పడితే చప్పుడు చేస్తుంది. చెవుల్లో ఏమీ పెట్టుకోను. జోన్‌కి రాగానే గట్టుకి నీళ్ల వైపు కాకుండా కంచె వైపు జరిగి, కాలు ఆనించి, అప్పుడు ఫోను చూస్తాను. వంతెన కింద మాత్రం ఆగను. ఆగితే వెనకవాడికి దారుండదు, పైగా రాతి కమాను కింద జీపీఎస్ తికమకపడి, మీ చుక్క కాలువ అవతలి ఒడ్డుకి గెంతుతుంది, మళ్లీ వెనక్కొస్తుంది, ఈలోగా లెక్క మొదటికొస్తుంది. వంతెనకి నాలుగడుగులు ఇవతలో అవతలో, ఆకాశం కనపడే చోట నిలబడండి. చాలా జోన్లు అంతమాత్రం వెడల్పుంటాయి.

అలా ఆగినప్పుడు ఆ వంతెన మూలని ఓసారి చూడండి. ఇనుముకో రాయికో వేలు పట్టేంత గాడులు ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి. గుర్రాలతో పడవలు లాగించిన రోజుల్లో ఇసుక పట్టిన తడి తాళ్లు ఒరుసుకుని పడ్డవి. వేలు పెడితే లోపల అద్దంలా నున్నగా తగులుతుంది.

ఫోను హ్యాండిల్ మీద బిగిస్తారా, జేబులో పెడతారా అన్నది మీ ఇష్టం. బిగిస్తే నాలుగు మూలలూ పట్టే హోల్డరూ, దానికో తాడూ ఉండాలి. మా చెల్లెలి కొడుకు ఫోను న్యూలే లాకుల దగ్గర రాళ్ల గతుకులకి ఊడి, ఒక్క గెంతు గెంతి నీళ్లలో పడింది. వాడు చొక్కా విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. కాలువ చాలాచోట్ల నడుములోతో ఛాతీలోతో ఉంటుంది గానీ లాకు లోపల చాలా లోతు, గోడలు నాచు పట్టి ఉంటాయి, నీళ్లు వేసవిలోనూ చల్లగానే ఉంటాయి. లాకులో ఏం పడినా దాని వెనక దూకకండి. మన వరిచేలల్లో ఎలుక జ్వరం అంటామే, అది ఈ నీళ్లలోనూ ఉండొచ్చు, కాలువ ఒడ్డున ఎలుకలకి కొదవలేదు. చేతికి గాయం ఉంటే నీళ్లు తగలనీకండి, తినేముందు చేతులు కడుక్కోండి.

చలికీ యాప్‌కీ బ్యాటరీ తొందరగా అయిపోతుంది, పవర్ బ్యాంకు తప్పనిసరి. వానలో తడి వేళ్లకి తెర పలకదు, ఒక చిన్న పొడిగుడ్డ లోపలి జేబులో ఉంచుకోండి.

గట్టు మీద మర్యాద గురించి కూడా చెప్పాలి. ఈ కాలువలు చూసేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, 2012 నుంచి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల జలమార్గాలు వాళ్ల చేతిలో ఉన్నాయి. సైకిల్‌కి పర్మిట్ అక్కర్లేదు, కానీ గట్టు మీద ముందు హక్కు నడిచేవాళ్లదే. గంట కొట్టండి, కొట్టి నెమ్మదించండి. గంట కొట్టి దూసుకుపోతే అది తిట్టు కింద లెక్క. చాలామంది పెద్దవాళ్లు వెనక్కి తిరిగి చూసి, తర్వాత కుక్కని పిలిచి, తర్వాత పక్కకి జరుగుతారు. ఈ మూడూ అయ్యేదాకా ఆగాలి. దాటేటప్పుడు ఓ థాంక్యూ.

చేపలు పట్టేవాళ్లతో ఇంకా జాగ్రత్త. వాళ్ల గాలం కర్ర పది మీటర్ల పైనే ఉంటుంది, చేప పడితే దాన్ని వెనక్కి, గట్టుకి అడ్డంగా, కంచెలోకి జరుపుతారు. అంటే మీ చక్రం కింద ఖరీదైన కార్బన్ కర్ర ఉంటుంది. గొడుగు, పచ్చ డబ్బా, మడత కుర్చీ కనపడితే దూరం నుంచే వేగం తగ్గించండి. వసంతంలో బాతు పిల్లలతో ఉన్న కెనడా బాతులు మెడ చాచి బుస్సుమంటాయి. సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడిపించండి, పిల్లలకీ తల్లికీ మధ్యలోంచి మాత్రం పోకండి.

సైకిల్ ఏదంటే, రోడ్డు రేసు బండి వద్దు, లావు సస్పెన్షన్ బండీ అక్కర్లేదు. 35 నుంచి 42 మిల్లీమీటర్ల టైర్లు పట్టే మామూలు హైబ్రిడ్ చాలు, సెకండ్ హ్యాండ్‌ది బాగుంటుంది. మడ్‌గార్డులు లేకపోతే వీపు మీద కాలువ మ్యాపు అంతా పడుతుంది. శరదృతువులో కంచెలు కత్తిరిస్తారు, ఆ హాథార్న్ ముళ్లు గట్టంతా రాలి ఉంటాయి, అప్పుడు పంక్చర్లు తప్పవు. అదనపు ట్యూబు, టైరు ఊడదీసే మీటలు, చిన్న పంపు వెంట ఉంచుకోండి. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే మోటారు 250 వాట్లకి మించకూడదు, గంటకి 15.5 మైళ్లు దాటగానే సాయం ఆగిపోవాలి. అంతకి మించింది చట్టం దృష్టిలో మోటారు బండి, పోలీసులు పట్టుకుపోతారు. చవగ్గా వస్తోందని చదువుకునే పిల్లలు ఎవరెవరి దగ్గరో మార్పులు చేసినవి కొంటున్నారు, ఆ జోలికి పోకండి.

వేళ గురించి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది, ఆఫీసయ్యాక బయల్దేరినా లీడ్స్ చేరిపోవచ్చు. డిసెంబరులో సాయంత్రం నాలుగవక ముందే పొద్దుగూకుతుంది. గట్టు మీద చాలామేర దీపాలు లేవు. చీకట్లో తెలియని కాలువ మీద ఆట వద్దు. మంచు పడ్డ పొద్దుట లాకుల దగ్గర రాళ్లూ, చెక్క పలకల వంతెనలూ గాజులా ఉంటాయి. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి దగ్గర్లోని వంతెన నంబరు చెప్పండి. ప్రతి వంతెనకీ చిన్న పలక మీద అంకె ఉంటుంది. జోన్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ అంకె చూసుకోవడం అలవాటు చేసుకోండి. గట్టు ఎక్కడైనా మూసేశారేమో ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ముందు రోజు రాత్రే చూసుకోవడం మంచిది.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సింది ఒకటుంది. యాప్ తెరిచి ఆడుతున్నంతసేపూ మీరెక్కడున్నారో మిగతా ఆటగాళ్లకి మ్యాపు మీద కనిపిస్తుంది. సొంత పేరు పెట్టుకోకండి. ఇంటి గుమ్మంలో యాప్ తెరవకుండా, ఒక వీధి దాటాక తెరవండి, వచ్చేటప్పుడూ ఒక వీధి ముందే కట్టేయండి. ఒంటరిగా తిరిగే ఆడపిల్లలకి ఇది మరీ గట్టిగా చెప్తాను. నాకు తారసపడిన ఆటగాళ్లంతా పెద్దమనుషులే, జోన్‌లో కలిస్తే నవ్వి పలకరించి పోయేవాళ్లే. అయినా అలవాటు అలవాటే.

ఇక మన గోదావరి సంగతి. మాదీ కోనసీమే కాబట్టి ఈ ప్రశ్న నాకు ముద్దొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది, దాని కింద కాటన్ దొర తవ్వించిన కాలువలు సాగుకీ పడవలకీ రెండిటికీ. అందుకే మనకీ లాకులున్నాయి. మన గట్ల మీద గుర్రాలకి బదులు మనుషులే తాడు భుజాన వేసుకుని పడవలు లాగారు. ఆట వరకు చూస్తే, జోన్లు ప్రపంచంలో ఎక్కడైనా పెట్టించుకోవచ్చు, ఆటగాళ్లు అడిగితే స్వచ్ఛంద సేవకులు పెడతారు. కానీ జోన్‌ని లాక్కునే మనిషి ఉంటేనే ఆట. ఒక్కరే ఆడితే అన్నీ మీవే, నెలాఖరు దాకా గంట పాయింట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. సెలవులకి వెళ్లినప్పుడు మీ తమ్ముణ్ణో స్నేహితుణ్ణో కూడా దించండి.

గట్టు మాత్రం వేరు. ఇక్కడ గట్టు మీద మోటారు బండి ఉండదు. మనవైపు చాలాచోట్ల కాలువ గట్టే ఊరికి రోడ్డు: ఆటోలు, ట్రాక్టర్లు, కొబ్బరి లోడు లారీలు, పక్కన ఆరబోసిన ధాన్యం, నీళ్లలోంచి లేచి వచ్చే గేదెలు. పిట్టగోడా ఉండదు. తొక్కాలనుకుంటే తెల్లారగట్ల ఐదున్నరకి బయల్దేరి ఏడున్నరకి ఇంటికొచ్చేయండి. వేసవిలో కాలువలు కట్టేశాక గట్లకీ లాకులకీ మరమ్మతులు జరుగుతుంటాయి, దారి తవ్వేసి ఉండొచ్చు, అడిగి వెళ్లండి. జోన్‌లో ఫోను పట్టుకుని కదలకుండా నిలబడితే "ఎవరి తాలూకు బాబూ, సర్వేకొచ్చారా?" అని అడుగుతారు, దానికి మాత్రం జవాబు సిద్ధం చేసుకోండి.

వచ్చే నెల మొదటి ఆదివారం ఖాళీ అయితే, పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా లీడ్స్ స్టేషన్‌లో ఉండండి. మొదటి బండిలో సైకిల్‌కి చోటు దొరక్కపోయినా తర్వాతదానికి వేళ ఉంటుంది. పదకొండుకి ఐదు నిమిషాల ముందు లాకుల దగ్గర ఉంటే చాలు. షిప్లీ చుట్టుపక్కల జోన్లు కొన్ని అప్పటికే నావై ఉంటాయి, దానికి ఏమీ అనుకోకండి. తాళం తీరాక లాక్కోండి.